పచ్చికబయలు – నేలలోని నత్రజని



గడచిన మాసమున మాడుగుల కొండల దాపుననున్న యొక గ్రామమునుండి నా పూర్వశిష్యుడొకడు చోడవరమునకు వచ్చి, మా యింటి యరుగుమీద గూర్చుండి, జేబులోనుండి మడతపెట్టిన కాగితము దీసి నా చేతికిచ్చెను. అది మట్టిపరీక్ష ఫలితము. అతని పొలమునకు సంబంధించినది కాదు. వారి యూరి కొండమొదట నున్న నలువది యెకరముల మేతబయలునకు సంబంధించినది. అందు మద్దియు, చారయు, ఇప్పయు, ఉసిరికయు నెడమెడముగా నుండును. వాని నడుమ నంతటను మోకాలిబంటి గడ్డి పెరుగును. ఊరి పశువులు మేయునది యక్కడనే. పూరిండ్లు మెండుగా నున్న దినములలో కప్పుగడ్డి కోసికొన్నది యక్కడనే. ఆ కాగితములో నత్రజని యను మాటకెదురుగా "తక్కువ" యని వ్రాసియున్నది.

ఆ యొక్క మాట చూచి యూరివారు రెండు పక్షములైరట. నేలకు బలము చాలలేదు గావున యూరియా చల్లి, సుబాబులు మొక్కలు నాటి బయలును బాగుచేయుద మనువారు కొందఱు. బలములేని నేల యెందుకు, దున్నించి జీడిమామిడికో సరుగుడునకో కౌలున కిచ్చి వచ్చిన సొమ్ముతో గుడి ప్రాకారము కట్టింత మనువారు కొందఱు. "మాస్టారూ, మీరేమందురు?" అని యతడడిగెను. అతనికి నేను చెప్పిన సమాధానమే నేడు మీకును విన్నవించెదను. ఇట్టి కాగితము రేపు మీ యూరికిని రావచ్చును.

నేను శాస్త్రజ్ఞుడను కాను. తండ్రిగారియొద్ద అమరము, కావ్యములు చదివి, భాషాప్రవీణ పరీక్ష నిచ్చి, ముప్పదియేండ్లకుపైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. అయినను నేలనుగూర్చి నేను మొదట దెలిసికొన్నది యమరకోశములోనే. అమరసింహుడు భూమివర్గమున నేలలకు వేఱువేఱు పేరులు చెప్పినాడు. సర్వసస్యములు పండు నేల ఉర్వర, చౌటినేల ఊషరము, లేతపచ్చికతో పచ్చనైన నేల శాద్వలము. చిన్ననాట నివి వల్లె వేయుటయే గాని వాని యర్థము నాలోచింపలేదు. పచ్చికనేలకు వేఱొక పేరెందుకు? అది చిన్నరకపు ఉర్వర కాదు. మఱియొక జాతి నేల. మనుస్మృతి యూరిచుట్టును నూఱు ధనువుల నేలను పశువులకై విడువవలెనని చెప్పుచున్నది. ధనువనగా నాలుగు మూరలు. కౌటిల్యుడు దున్నుటకు దగని భూమిని పశువుల మేతకు విడువుమని చెప్పి, ఆ మేతభూములను జూచుట కొక యధ్యక్షుని గూడ నియమించినాడు. పొలమును గొలుచు కొలతతో మేతబయలును గొలువరాదని పెద్దలెఱుగుదురు. ఆ కాగితములో జరిగిన పొరపాటదియే. పొలమునకు సరియైన మాటను బయలునకు వర్తింపజేసిరి.

నత్రజని యనగానేమో రెండు మాటలు చెప్పెదను. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అంతయుండియు మొక్క దానిని నేరుగా దీసికొనలేదు. నేలలో నది వేఱు రూపము దాల్చినప్పుడే వేరు దానిని త్రాగగలదు. అట్టి రూపములలో ముఖ్యమైనది నైట్రేటు. మీలో వృద్ధులు పెట్లుప్పు నెఱుగుదురు గదా. బాణసంచాకు వాడు సురేకారము. పూర్వము దానిని పాత పసులకొట్టముల మట్టిని, ఊరి ప్రాతగోడలమొదటి మట్టిని నీట గలిపి, వడగట్టి, కాచి తీసెడివారు. పశువుల మూత్రము, పేడ క్రుళ్లి, కంటికి గనబడని సూక్ష్మజీవులచేత మాఱి, ఆ యుప్పయినది. నైట్రేటు దాని జాతిదే. నీట నిట్టే కరగును, మొక్కకు నోటి కందిన ముద్దవలె నుండును, వాన గట్టిగా గురిసిన భూమిలోనికి దిగిపోవును. కంది, పెసర మొదలగు కాయధాన్యముల వేళ్ల బుడిపెలలోని జీవులు గాలినుండి నత్రజనిని బట్టియిచ్చునని 1880ల దశాబ్దమున జర్మనీదేశమున హెల్రీగెల్, విల్ఫార్త్ అను నిరువురు తేల్చిరి. 1909లో ఫ్రిట్జ్ హేబరు గాలినుండి అమోనియా చేయు విధము కనిపెట్టగా, 1913నుండి కర్మాగారములలో నది తయారగుచున్నది. మన యూరియా యా వంశమునకు జెందినదే. నూఱు కిలోల యూరియాలో 46 కిలోలు నత్రజని. వరికిని చెఱకునకును దానివలన గలిగిన మేలు నేను గాదనను.

ఇక గడ్డి. చెట్లెడముగా నుండి నేలంతయు గడ్డితో నిండిన యడవిని జూచినవారు తఱచుగా నిది చెడిన యడవి, చెట్లు నఱుకగా మిగిలిన బయలు అందురు. పూర్వపు టటవీశాఖవారు ననేకులిట్లే తలంచిరి. బెంగుళూరునందలి జాతీయ జీవశాస్త్ర కేంద్రమున బనిచేయు జయశ్రీ రత్నము, మహేశ్ శంకరన్ మొదలగువారు 2011లో ప్రకటించిన వ్యాసమున, ఆసియాలో అడవులని పిలువబడుచున్న వానిలో ననేకములు నిజమునకు గడ్డిభూములే, చెట్లు గల గడ్డిభూములు, చెడిన యడవులు కావు అని వాదించిరి. నాకది మిక్కిలి సమంజసముగా దోచినది. మన తూర్పుకనుమల చఱియలలో నట్టివి కలవు. వాని సంపద చెట్లలో నున్నదానికన్న గడ్డిలోను, గడ్డి నడుమ నడగియుండు దుంపమొక్కలు, పూలమొక్కలు, వెంపలివంటి చిన్న మొక్కలలోను నెక్కువగా నున్నది.

ఇట్టి బయలు ఆరోగ్యముగా నున్నదో లేదో తెలియుట యెట్లు? మంచి బయలులో నత్రజని లేకపోలేదు. ఉన్నది, గాని విడిగా లేదు. గడ్డి దుబ్బుల వేళ్లలో, చచ్చిన వేళ్ల పోగులలో, నెమ్మదిగా జీర్ణించు నల్లని మట్టిసారములో బిగిసియున్నది. ఏండ్లతరబడి బ్రతుకు గడ్డి దుబ్బునకు వేళ్లు లోతుగా నుండును. ఎండకాలమున పైభాగమెండినను క్రింద వేరు జీవించియే యుండును. తొలకరి చినుకు పడగానే యెండిన నేలలోని సూక్ష్మజీవులు ఒక్కసారి మేలుకొని పాతసారమును నైట్రేటుగా విడుచును. తూర్పు ఆఫ్రికాలో బనిచేసిన బర్చ్ అను శాస్త్రజ్ఞుడు 1958లో దీనిని విపులముగా వర్ణించెను. తొలివానకు పైరు పచ్చబడుట మనము తాతలనాటినుండి చూచుచున్నదే. ఆ క్షణమున ముందుగా నోరు దెఱచువా డెవ్వడో వానిదే యా ముద్ద. బయలులో ప్రాతదుబ్బులు బలముగా నున్నచో వాని వేళ్లు సిద్ధముగా నుండును గావున నైట్రేటు పుట్టినది పుట్టినట్లే త్రాగివేయును. పరీక్షించిన మట్టిలో విడి నైట్రేటు మిగులదు. దుబ్బులు చచ్చిన బయలులో దానిని త్రాగువారు లేరు. అది నేలలో నిలువయుండును. అంతట గింజనుండి పుట్టి, త్వరత్వరగా బెరిగి, గింజ రాల్చి, మూడు నాలుగు నెలలలో జచ్చు కలుపుజాతి దానిని దిని, చచ్చి, మరల నేలకు వదలును. మరుసటేట మరల కలుపే. ఒకమాఱీ చక్రము తిరుగుట మొదలిడెనా, నిలుపుట కష్టము.

ఈ విషయమును మిక్కిలి శ్రద్ధతో పరీక్షించినవారు ఆస్ట్రేలియావారు. అక్కడ న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రమున నీలగిరిచెట్టు జాతికే చెందిన యొక చెట్టుతోను, దాని క్రింద గడ్డితోను నిండిన యడవులు పూర్వము విస్తారముగా నుండెడివి. తెల్లవారు వచ్చి గోదుమ పండించి గొఱ్ఱెలను మేపుటచేత నవి దాదాపుగా నశించి, మిగిలినవి చిన్నచిన్న తునుకలైనవి. ఆ తునుకలెక్కడ మిగిలినవో చెప్పిన మీ కాశ్చర్యము గలుగవచ్చును: ప్రాత శ్మశానములలోను, మందలను తోలుకొనిపోవుటకై ప్రభుత్వము విడిచిన బాటలవెంటను. శ్మశానమును దున్నువారు లేరు. ఎరువు చల్లువారు లేరు. 2006లో నా దేశపు కేంద్రప్రభుత్వము ఈ జాతి యడవిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న వానిలో జేర్చెను.

సుజాన్ ప్రోబర్, కెవిన్ థీల్, ఇయాన్ లంట్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఆ మిగిలిన తునుకల మట్టిని, చెడిన బయళ్ల మట్టిని బోల్చిచూచి 2002లో తమ ఫలితములను ప్రకటించిరి. పాతగడ్డి చెక్కుచెదరక యున్నచోట పైమట్టిలో నైట్రేటు మిక్కిలి స్వల్పము. అది చెడి, పరదేశపు ఏకవార్షిక కలుపుమొక్కలు నిండినచోట నైట్రేటు మెండు. రెండు స్థితులను వేఱుపఱచు గుఱుతులలో నిది ప్రధానమైనదని వారి నిర్ణయము.

అటుపిమ్మట వారు చేసిన పని మన చెఱకుసీమవారు వినదగినది. నేలలోని నైట్రేటును తగ్గించుటకు వారు పంచదార చల్లిరి! చదరపు మీటరునకు అరకిలో చొప్పున మూడేసి నెలల కొకమాఱు. ఎకరమునకు లెక్కగట్టిన నొక్కొక్కమాఱు సుమారు రెండు టన్నులు. అనకాపల్లి బెల్లపు వర్తకులు విన్నచో సంతసింతురు గాని, బయళ్లన్నిటికి జేయదగిన వైద్యము కాదిది, చిన్న మళ్లలో జేసిన పరీక్ష. తీపి దొరకగానే నేలలోని సూక్ష్మజీవులు విపరీతముగా బెరుగును. వాని శరీరములకు నత్రజని కావలెను. ఆ నైట్రేటునంతను అవియే మ్రింగివేయును. పంచదార చల్లినచోట కలుపు నీరసించిపోయెను, నాటిన దేశవాళీ గడ్డి నిలదొక్కుకొనెను.

ఇది మన కెఱుకలేని విద్య కాదు. చెఱకు కొట్టిన పిదప ఎండాకును చాళ్లలో బఱచినప్పుడు దానితోగూడ కొంత యూరియా చల్లుమని వ్యవసాయశాఖవారు చెప్పుదురు గదా. చల్లనిచో పిలకలు పచ్చదనము తఱిగి పసుపుదేరుట మీలో ననేకులు చూచియుందురు. పచ్చిగడ్డిగాదమును, రంపపుపొట్టును దున్ని కలిపిన పొలములోను నట్లే యగును. ఆకును జీర్ణించుకొను సూక్ష్మజీవులు నత్రజనిని తామే పట్టుకొనుటచేత పైరునకు కొఱత కలుగును. 1913లో స్థాపితమైన అనకాపల్లి చెఱకు పరిశోధనా క్షేత్రము దాపున, గోవాడ చక్కెరమిల్లు వెలసిన సీమలో నివసించు మనకు దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు. పొలములో మనము తప్పించుకొనజూచు ఆ కొఱతనే ఆస్ట్రేలియావారు బయలులో కావలెనని కలిగించిరి.

పంచదార ప్రభావము దినదినమునకు దగ్గునదే. నిలిచిన మేలు గడ్డివలననే కలిగెను. నాటిన గడ్డి దుబ్బుకట్టినచోట, పంచదార మానిన పిదపను నైట్రేటు తక్కువగానే నిలిచినదని ప్రోబరు, లంటు 2009లో దెలిపిరి. గడ్డియే నేలను తనకు దగినట్లు కాచుకొనుచున్నది. కంగారూగడ్డి యని వారు పిలుచు ఆ గడ్డి మనకు బరాయిది కాదు. మన దేశపు కొండలలోను ఆఫ్రికాలోను గూడ నున్నది. దాని మూలస్థానము ఉష్ణమండల ఆసియాలోని కొండసీమయని జన్యువులను పరిశీలించినవారు చెప్పుచున్నారు.

నేను చేసిన తప్పొకటి యిచట జెప్పవలసియున్నది. ఉద్యోగములో జేరిన క్రొత్తలో, ఇంచుమించు నలువదియేండ్లక్రిందట, కొండమొదటి యొక పల్లెలో నన్ను వేసిరి. ఆ యూరి మేతబయలు నాకు బీదదిగా గనబడెను. ఎఱ్ఱటి గులకనేల, అక్కడక్కడ చెట్లు, గరుకైన గడ్డి. పిల్లలతో సేవ చేయింపదలచి, ఊరివారి నొప్పించి, రెండేండ్లు వేసవిలో గొఱ్ఱెలమందల నక్కడ గట్టించితిని. ఊరి పెంటకుప్పలలోని యెరువు బండ్లతో దోలించితిని. సుబాబులు మొలకలు నాటించితిని. మొదటియేడు పచ్చదనము చూడముచ్చటగా నుండెను. పాఠశాలకు తనిఖీకి వచ్చినవారు మెచ్చుకొనిరి. మూడవయేట ముళ్లతోటకూర, ఉమ్మెత్త, వయ్యారిభామ కమ్ముకొనెను. ఉమ్మెత్తను పశువు ముట్టదు. వయ్యారిభామ దగ్గఱకు బోయిన మనుష్యులకే దురద. పూర్వపు గడ్డి దుబ్బులు నీడకును నలుగుటకును జచ్చి, వేలితో బెకలించిన నూడివచ్చుచుండెను. పసులకాపరి ముసలివా డొకనాడు బడి వాకిట నిలిచి, "పంతులుగోరూ, నేలకి కొవ్వెక్కిపోనాది, మందకి మేత నేదు" అనెను. అతడు కోపముతో ననలేదు. అందుచేతనే యా మాట నాకింకను వినబడుచుండును. నా కప్పుడు బదిలీ యయ్యెను. వారికి బదిలీ లేదు గదా. పదియేండ్ల పిదప నా దారిని బోయినప్పుడు చూచితిని. సుబాబులు తోపుక్రింద లేతమొలకలు నేలను గప్పియుండెను. పాతగడ్డి కొండపైకి, రాతిమధ్యమునకు మఱలినది.

ఆ చెడుగంతయు నత్రజనివలననే యని యనను. మందలు త్రొక్కుటయు, విత్తనములు పేడతో వచ్చుటయు కలవు. అయినను బలము పెట్టినకొలది గడ్డి బాగుపడునను నా నమ్మిక మాత్రము తప్పు. ఇంగ్లాండులో రోథాంస్టెడ్ అనుచోట లాస్, గిల్బర్ట్ అనువారు 1856లో నొక పచ్చికబయలును మళ్లుగా విభజించి వేఱువేఱు ఎరువులు వేయ మొదలిడిరి. నేటికిని ఆ పరీక్ష సాగుచున్నది. ఎరువు వేయని మళ్లలో నిప్పటికిని సుమారు నలువది జాతుల మొక్కలున్నవి. సున్నము వేయక అమోనియం సల్ఫేటు మెండుగా వేసిన మళ్లలో రెండు మూడు జాతులే మిగిలినవి. నత్రజనిని తక్కిన యెరువులతో గలిపి వేసిన మళ్లలో గడ్డి తూకము పెరిగినదన్నమాట నిజమే. దాచుట ధర్మము గాదు. కోసి అమ్ముకొను గడ్డితోటకై యెవరైన ఎరువు వేయదలచిన నేను వలదనను. ఊరి యుమ్మడి బయలు గడ్డితోట కాదు. అమెరికాలో మినెసోటా రాష్ట్రమున సీడర్‌క్రీక్ అనుచోట 1982 మొదలు పదియేండ్లు నత్రజని వేసి మానిన గడ్డిమళ్లను పరిశోధకులు ఇరువదియేండ్లు కనిపెట్టి చూచిరి. పోయిన జాతులు తిరిగి రాలేదని 2013లో ప్రకటించిరి. నేను చేసినది నా జీవితకాలములో సరిపడదని నాకప్పుడు తెలిసినది.

ఇప్పుడు మా శిష్యుని కాగితమునకు వచ్చెదను. మన పరీక్షాశాలలలో నత్రజనిని జూచు పద్ధతి 1956లో సుబ్బయ్య, అసిజా అనువారు ప్రకటించినది. హెక్టారునకు 280 కిలోలకు లోబడిన "తక్కువ", 560 వఱకు "మధ్యమము", అంతకు మించిన "ఎక్కువ" యని వ్రాయుదురు. పైరు వేయువాని కెంత యెరువు కావలెనో చెప్పుటకై యేర్పఱచిన మెట్లివి. వరిమడికి "తక్కువ" యన్న నెరువు వేయవలసినదే. మేతబయలునకు "తక్కువ" యన్న రోగమని యర్థము కాదు. ఆరోగ్యమని గూడ వెంటనే యనరాదు. ఈ పద్ధతి సులభముగా విడిపడు మొత్తము నత్రజనిని జూపును గాని విడి నైట్రేటును వేఱుచేసి చూపదు. మన కిచట కావలసినది నైట్రేటు.

మఱొక చిక్కు గలదు. వాన గోకివేసిన బోడి గులకనేలలోను నైట్రేటు తక్కువయే. బిచ్చగాని జోలెయు ఖాళీ, ధాన్యము గాదెకెక్కించిన రైతు కల్లమును ఖాళీ. కావున నైట్రేటు నొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు. దానితోగూడ సేంద్రియ కర్బనమును జూడవలెను. అది యా కాగితములోనే యుండును. కర్బనము తగినంతయుండి నైట్రేటు స్వల్పమైన, దుబ్బులు బలముగా నున్నచో, నేల తన సొమ్మును గాదెలో బెట్టుకొనియున్నదని నమ్మవచ్చును. రెండును తక్కువయై నేల బోసియైన, కోతను నిలిపి గడ్డిని మరల బట్టించుట పని. కర్బనమెట్లున్నను నైట్రేటు మిక్కుటమైనచో, అక్కడ బలము చాలమికాదు, బలమును పట్టువారు చాలమి.

మట్టి తీయుటలోను మెలకువ కావలెను. చెట్టునీడలో ఆకు రాలుటచేతను, పశువులు పండుకొనుటచేతను నైట్రేటు సహజముగా నెక్కువగా నుండును. కావున చెట్టుక్రిందిది వేఱు, బయటిది వేఱుగా దీయవలెను. మందకట్టినచోటు, నీళ్లత్రావు, కాలిబాట విడువవలెను. తొలకరి పడిన మఱునాడు తీయరాదు. నాలుగంగుళముల లోతువఱకు పదిపదునైదు చోట్ల దీసి కలిపి, ఆలసింపక పంపవలెను. తడిమట్టి సంచిలో వారముదినములు మగ్గిన లోపలి జీవులు దానిని మార్చివేయును. నైట్రేటు చూడుడని వేఱుగా వ్రాసి యడుగవలెను.

పరీక్ష లేకయే తెలిసికొను గుఱుతు లూరి కాపరు లెఱుగుదురు. పెంటకుప్పలయొద్ద మొలుచు మొక్కలు బయలు నడుమ మొలుచుచున్నవా? ముళ్లతోటకూర, ఉమ్మెత్త యింటిదొడ్డివైపుననే యున్నవా, కొండమొదటికి నడచిపోయినవా? ఎండకాలమున దుబ్బుమొదలు గిల్లిన లోపల పచ్చగా నున్నదా? మీ యూరి బయలునకు రేపుదయమే పోయి యివి చూడవచ్చును. కాపరిని వెంటబెట్టుకొని పొండు. మనమెఱుగని గడ్డిపేరు లతని కెఱుక.

దున్నుటనుగూర్చి యొక్కమాట. నేలను దున్నగానే నూఱేండ్ల పాతసారము గాలి తగిలి ఒక్కసారి విడిపడును. పోడు కొట్టినవారికి మొదటి రెండేండ్లు పంట బాగుగా వచ్చి పిదప తగ్గుట కిదియును నొక కారణము. జీడిమామిడి వేయుటకై యా నలువది యెకరములు దున్నినచో మొదట బలమైన నేలవలెనే కనబడును. దానిని మరల శాద్వలము జేయుట ఎవరివలన నగునో నేనెఱుగను. కాయధాన్యజాతి చెట్లన్నియు శత్రువులని గూడ నేను చెప్పుట లేదు. మోదుగ యా జాతిదే, తరతరములుగా బయలులో గడ్డితో గలిసి యున్నది. అది యెడముగా నుండుటకును, సుబాబులు గుబురుగా నాటుటకును భేదమున్నది.

మా శిష్యుని కిది యంతయు చెప్పి, కౌలు మాటను, యూరియా మాటను రెండింటిని నొక యేడు నిలుపుడని గ్రామసభవారికి నా పేర నొక జాబు వ్రాసియిచ్చితిని. గుడి ప్రాకారమునకు నావంతుగా కొంత సొమ్ము పంపితిని, అది వేఱుమాట. పదిదినముల క్రిందట వారు మరల మట్టి తీసిరి, చెట్టుక్రిందిది యొక సంచి, బయటిది యొక సంచి. ఆ పక్షమువారొకరు, ఈ పక్షమువారొకరు, కాపరి యొకడు దగ్గఱనుండి తీయించిరని యతడు కబురంపినాడు. ఫలితమింకను రాలేదు.